పొగాకు డబ్బాలో మాత్రలు

తెల్లవారుజామున నాలుగూ ముప్పావుకి లేచి ఎల్డన్ బ్రెక్కే సగం గ్రేప్‌ఫ్రూట్ తినేవాడు. పంపరపనసకు చెల్లెలి వరసైన ఆ పండును అడ్డంగా కోసి, ఒక చెక్క మీద చెంచాడు పంచదార చల్లుకుని, అంచుకి పళ్లున్న చెంచాతో తొన తర్వాత తొన తవ్వుకుని తినేవాడు. తిన్నాక ఖాళీ చెక్కను పిడికిట్లో పట్టి గ్లాసులోకి పిండేవాడు. చొక్కా జేబులోంచి పొగాకు డబ్బా తీసి, అందులోని మాత్ర ఒకటి నోట్లో వేసుకుని, ఆ చేదు రసంతోనే గుటుక్కున మింగేవాడు. మింగి, ఏదో ఘనకార్యం చేసినట్టు ఒకసారి “హా” అనేవాడు. మిగిలిన సగం చెక్కను మర్నాటికని పళ్లెంలో బోర్లించేవాడు.

నలభై నాలుగేళ్లుగా, అతను ఏం మింగినా అనే ఆ “హా” వింటున్న వెర్నాకి, విన్నప్పుడల్లా మొగుడి మీద గౌరవం కొంచెం తగ్గేది. అన్నేళ్ల తర్వాత కూడా తగ్గడానికి ఇంకా ఎంతో కొంత మిగిలి ఉండటమే ఆమెకు ఆశ్చర్యం.

స్కోగన్ ఊళ్లో తొమ్మిది వందల మంది జనం, రెండు చర్చిలు, ఒక బడి ఉన్నాయి. బడికి ఏడు బస్సులు. నాలుగో నంబరు బస్సు ముప్పై ఒక్క ఏళ్లుగా ఎల్డన్‌ది. అంటే బడిదే, కానీ ఆ మాట అతని ముందు అనకూడదు. మిన్నెసోటా చలికాలంలో, ముందున్న దారి కనపడని గాలిమంచులో, ఒక్కసారి కూడా బస్సును గుంటలో దింపలేదని చెప్పుకునేవాడు. అది నిజమే. నిజాన్ని కూడా విసుగు పుట్టేలా చెప్పడం కొందరికే చేతనవుతుంది.

మందులు వాడేవాళ్లంటే ఎల్డన్‌కి చులకన. ధాన్యం సహకార సంఘంలో పొద్దున్నే కాఫీ బల్ల దగ్గర చేరే ముసలివాళ్లు, వారంలో రోజుకొక గది ఉన్న ప్లాస్టిక్ పెట్టెలు తీసి “నీకు తెల్లవి ఎన్ని, నాకు పచ్చవి రెండు” అని చెప్పుకుంటూ ఉంటే, అతను ఇంటికొచ్చి వాళ్లని వెక్కిరించి చూపించేవాడు. “ఆడాళ్లు పూసలు చూపించుకున్నట్టు చూపించుకుంటారు. సిగ్గుండక్కర్లా?” అనేవాడు. అలాంటివాడికి ఒక ఏడు అక్టోబరులో, బస్సు నడిపేవాళ్లందరికీ చేసే వైద్య పరీక్షలో, రక్తపోటు నూట అరవై ఎనిమిది ఉందని తేలింది. బస్సు నడపొచ్చని ఏడాదికి ఇవ్వాల్సిన కార్డును మూడు నెలలకే ఇచ్చారు. జనవరిలో మళ్లీ రమ్మన్నారు. అప్పటికి తగ్గితే బస్సు ఉంటుంది, తగ్గకపోతే ఉండదు.

మందుల కొట్టులో మాయ్ యాంగ్ అనే ఆమె ఉంటుంది. సెయింట్ పాల్ నుంచి వచ్చి నాలుగేళ్లయింది. ముప్పై దాటిన మనిషే గానీ, ఎల్డన్ లెక్కలో తన బస్సెక్కాల్సిన వయసు. ఆ రోజు వెర్నా పక్కనే ఉంది.

“ఎల్డన్ గారూ, ఇది రోజుకొకటి. నమలకూడదు, విరవకూడదు. నీళ్లతోనే వేసుకోండి. ఇంకొక ముఖ్యమైన సంగతి…” అని మాయ్ మొదలుపెట్టింది.

“మాత్ర మింగడం నాకొచ్చు అమ్మాయీ,” అన్నాడు ఎల్డన్. “నువ్వు పుట్టకముందు నుంచీ మింగుతున్నా. సంచీ ఇలా ఇయ్.”

“వినండి, ఒక్క నిమిషం. ఆహారంలో ఒకటి…”

“ఉప్పు తగ్గించాలి, అంతేగా. మా ఆవిడ వంటలో ఉప్పెప్పుడుంది గనక.”

సంచీ లాక్కున్నట్టే తీసుకుని బయటికి నడిచాడు. వెర్నా ఆగి విని ఉండొచ్చు. ఆగలేదు. బయట కారు ఇంజను ఆన్ చేసి ఉంది, చలి పెడుతోంది, పైగా ఉప్పు మాటకి ఒళ్లు మండింది.

ఇంటికొచ్చాక సీసా మూత తీయబోతే రాలేదు. పిల్లలు తీయకుండా, నొక్కి తిప్పాల్సిన మూత అది. ఎల్డన్ వేళ్ల కీళ్లు ఏనాడో బిగుసుకుపోయాయి. రెండుసార్లు తిప్పి, మూడోసారి సుత్తితో కొట్టి మూత పగలగొట్టాడు. మాత్రలన్నీ ఖాళీ పొగాకు డబ్బాలో పోసుకున్నాడు. పొగాకు మానేసి పదేళ్లయినా డబ్బా మానలేదు. జేబు మీద దాని గుండ్రటి అచ్చు లేకపోతే చొక్కా వేసుకున్నట్టు ఉండదట. సీసాను, దాని మీద అంటించిన పసుపు చీటీతో సహా, చెత్తలో పారేశాడు.

“బస్సులో పిల్లలు చూస్తే ఏమనుకుంటారు, ముసలాడికి రోగమొచ్చిందని అనుకోరూ?” అన్నాడు.

“పొగాకు డబ్బా చూస్తే ఋషి అనుకుంటారు కాబోలు,” అంది వెర్నా.

సంచీకి పిన్ను కొట్టి ఇచ్చిన కాగితాలు మాత్రం ఆమె పారెయ్యలేదు. పొడుగ్గా, దళసరిగా, ఒక వైపు ఖాళీగా ఉన్నాయి. వంటింటి సొరుగులో దాచింది. నవంబరులో ఇంకొన్ని వచ్చాయి, డిసెంబరులో ఇంకొన్ని. ఊరి గ్రంథాలయంలో వారానికి రెండు రోజులు పనిచేసే మనిషి ఆమె. పుస్తకం అట్ట వెనకాల ఉన్నది కూడా వదలకుండా చదువుతుంది. చదవనివాళ్లను చూస్తే ఆమెకు జాలి కూడా కలగదు.

డిసెంబరు మొదటి వారంలో పండ్లు వచ్చాయి. బడి బ్యాండు పిల్లలు ఏటా ఇంటింటికీ కాగితం పట్టుకుని తిరిగి, ఎవరికెన్ని పెట్టెలో రాయించుకుంటారు. దక్షిణాది నుంచి ఒక లారీ నిండా నారింజలు, గ్రేప్‌ఫ్రూట్లు దిగుతాయి. ఆ లాభంతో బాకాలు, డప్పులు కొంటారు. బ్యాండు పండు కొననివాడు స్కోగన్‌లో మనిషి కింద లెక్క కాదు. కొన్నది కుళ్లబెట్టినవాడు అంతకన్నా హీనం. అందుకే జనవరంతా, ఫిబ్రవరంతా ఊరు ఊరంతా పొద్దున్నే మొహం ముడుచుకుని సగం చెక్క తింటూ ఉంటుంది. బ్యాండు పిల్లల్లో పదకొండు మంది తన బస్సే ఎక్కుతారని ఎల్డన్ మూడు పెట్టెలు రాయించాడు.

ఆ ఏడు మాయ్ యాంగ్ ఒక పెట్టె నారింజలు మాత్రమే రాయించి, బ్యాండు మాస్టారితో ఒక మాట అందట. కొన్ని మందులు వాడేవాళ్లు గ్రేప్‌ఫ్రూట్ తినకూడదు, పెట్టెకొక చీటీ పెడతాను, ఆ చీటీలు నేనే రాసిస్తాను అని. మాస్టారు చీటీలు తీసుకోలేదు సరికదా, ఆ సంగతి నలుగురికీ చెప్పి నవ్వించాడు. “పండులో విషముందని చీటీ పెట్టి పండ్లమ్ముతారా ఎక్కడైనా?” అని. చర్చి నేలమాళిగలో కాఫీ తాగుతూ ఆడవాళ్లు నవ్వారు. వాళ్లతో పాటు వెర్నా కూడా నవ్వింది.

జనవరి పరీక్షలో ఎల్డన్ రక్తపోటు నూట నాలుగు. నర్సు రెండోసారి కొలిచింది, నూట రెండొచ్చింది. ఏడాది కార్డు చేతికిచ్చారు.

“ఇరవయ్యేళ్ల కుర్రాడి బీపీ అంది ఆ నర్సు,” అని ఇంటికొచ్చి చెప్పాడు.

“ఆ మాట అందా?”

“మొహం చూస్తే తెలియదూ?”

ఆ వారమంతా ఊళ్లో కనిపించినవాడికల్లా ఆ అంకె చెప్పాడు. కాఫీ బల్ల దగ్గర ప్లాస్టిక్ పెట్టెలవాళ్లకి మరీ చెప్పాడు. తనకి మందుతో పనేముంది, మాత్ర పేరుకే, అసలు బలం వంశానిదన్నాడు. అతని తండ్రి అరవై ఒకటో ఏట ఆవుల కొట్టంలో కుప్పకూలి చనిపోయిన సంగతి బల్ల దగ్గరున్న అందరికీ తెలుసు. తెలిసీ ఎవరూ నోరు మెదపలేదు. స్కోగన్‌లో మర్యాదంటే అదే.

జనవరి ఆఖరుకి ఎల్డన్ పొద్దున్నే కుర్చీలోంచి లేచేటప్పుడు బల్ల అంచు పట్టుకోవడం మొదలైంది. మొహం కందగడ్డలా ఎర్రబడేది. చీలమండలు ఉబ్బి, మేజోళ్ల గీతలు లోతుగా పడేవి. వెర్నా అడిగితే బూట్లు కొత్తవన్నాడు. ఇంకోరోజు అడిగితే ఇంట్లో వేడి ఎక్కువైందన్నాడు. మూడోసారి అడిగితే, “నువ్వట్లా చూస్తుంటే ఎవడికైనా తల తిరుగుద్ది,” అన్నాడు. ఆమె అడగడం మానేసింది. చెప్పేది వినని మనిషికి చెప్పి నోరు నొప్పి పుట్టించుకోవడం ఎందుకని.

ఫిబ్రవరి పన్నెండున, పొద్దున పదకొండు గంటలకి, బడి బస్సులు చూసుకునే డార్లీన్ ఆప్సాల్ ఫోను చేసింది.

“వెర్నా, ఎల్డన్ పొద్దున షెడ్డులో పడ్డాడు. చెప్పాడా?”

“చెప్పలేదు.”

“చెప్పడని తెలిసే చేశా. బస్సు తియ్యక ముందు చుట్టూ తిరిగి చూస్తాం కదా, వెనక టైరు దగ్గర వంగాడు, లేచాడు, పడ్డాడు. నేను పరిగెత్తేసరికి లేచి కూర్చుని మంచు మీద జారానంటాడు. షెడ్డులో మంచెక్కడిది వెర్నా? నేల కింద వేడి గొట్టాలున్నాయి, కాలు పెడితే చెమట పడుతుంది.”

వెర్నా ఫోను రెండో చెవికి మార్చుకుంది.

“పొద్దున ట్రిప్పు నేనే తిప్పాను. రేపటి నుంచి తనే వస్తానంటున్నాడు. ఒళ్లు బాగోలేదా ఏంటి? ఇంట్లో ఏమైనా తేడాగా ఉన్నాడా? నువ్వు చెప్పు, నేనింకెవరి మాటా నమ్మను.”

వెర్నా కళ్ల ముందు రెండు కదిలాయి. ఒకటి, నాలుగో నంబరు బస్సు, అందులో నలభై రెండు తలకాయలు. రెండోది, బస్సు లేని ఎల్డన్. పొద్దున నాలుగూ ముప్పావు నుంచి పడుకునేదాకా వంటింట్లో, ముందుగదిలో, ఆమె పుస్తకానికీ దీపానికీ మధ్య, తన అభిప్రాయాలతో సహా ఎల్డన్. ఈ రెండోది మొదటిదాని కన్నా స్పష్టంగా కనిపించింది.

“బూట్లకి అంటుకున్న మంచు అయ్యుంటుంది,” అంది. “వాకిట్లో తొక్కి వెళ్లాడు కదా.”

“ఆ… అయ్యుండొచ్చు,” అంది డార్లీన్. ఆ గొంతులో నమ్మకం లేదు. వెర్నా మాట కాదనలేక ఊరుకున్నట్టుంది.

ఫోను పెట్టేశాక వెర్నాకి తన మీద తనకే రోత పుట్టింది. ఊరికే నిలబడలేక తొక్కల బాల్చీ ఖాళీ చేద్దామని తీసింది. పండు తొక్కలు తడికి బాల్చీ అడుగున అంటుకోకుండా ఆమె ఎప్పుడూ కాగితంలో చుట్టి వేస్తుంది. పెరటి గుంటలో గుమ్మరించబోతే పై పొట్లం విప్పుకుని, తొక్కలు జారి పడి, కాగితం మాత్రం చేతికి అతుక్కుంది. తడిసిన కాగితం మీద నల్లటి పెద్ద అక్షరాలు ఇంకా చెదరలేదు. అక్షరాలు కనబడితే చదవకుండా ఉండలేని అలవాటు ఆమెది.

ఈ మందు వాడుతున్నంత కాలం గ్రేప్‌ఫ్రూట్ పండు గాని రసం గాని తీసుకోకూడదు. మందు రక్తంలో అవసరానికి మించి చేరుతుంది. తల తిరగడం, స్పృహ తప్పడం జరగవచ్చు.

గుంట పక్కనే, మోకాలి లోతు మంచులో నిలబడి, ఇంకో పొట్లం విప్పింది. అదే వాక్యం. ఇంకొకటి. అదే. అక్టోబరుది, నవంబరుది, డిసెంబరుది. ఏ పండు తినొద్దని రాసుందో ఆ పండు తొక్కల్ని అదే కాగితంలో చుట్టి, రెండు నెలలుగా రోజూ తన చేత్తో ఆమె పారేస్తోంది. చదవనివాళ్లంటే జాలి కూడా లేని మనిషి.

లోపలికి వచ్చి మందుల కొట్టుకి ఫోను చేసింది. మాయ్ అంతా విని అడిగింది.

“రోజుకెంత తింటారండీ?”

“రోజూ సగం. దాని రసంతోనే మాత్ర మింగుతాడు.”



“సీసా మీద పసుపు చీటీ అంటించాను కదండీ.”

“సీసా లేదు. పారేశాడు.”

“మరి మాత్రలు?”

“పొగాకు డబ్బాలో.”

“కాగితాలు కూడా పెట్టాను, ప్రతిసారీ. చదవలేదా మీరు?”

“తొక్కలు చుట్టాను,” అంది వెర్నా. ఆ ఒక్క ముక్క చెప్పడానికి జీవితంలో ఏ మాటకీ పడనంత కష్టపడింది.

మాయ్ నవ్వలేదు. నేను ముందే చెప్పానని కూడా అనలేదు. ఆ రెంటిలో ఏదో ఒకటి చేసి ఉంటే వెర్నాకి తేలిగ్గా ఉండేది. “పండు ఇవాళే ఆపేయాలండీ. పొద్దున పండు, సాయంత్రం మాత్ర అని సర్దుకుంటామంటే కుదరదు. పండు గుణం మర్నాటి దాకా పేగుల్లో ఉంటుంది. మాత్ర మాత్రం డాక్టర్ని అడక్కుండా ఆపొద్దు. రేపు పొద్దున్నే చూపించండి, నేను కూడా ఫోను చేసి చెప్తాను. చూపించేదాకా బండి నడపకూడదు. బస్సు అసలు కూడదు.”

సాయంత్రం ఆరింటికి, బంగాళాదుంప ముక్కలు పైన పరిచి కాల్చిన మాంసం వంటకం బల్ల మీద పెట్టి, పక్కనే ఆ కాగితం కూడా పరిచింది. తొక్కల వాసన వస్తోంది.

“చదువు.”

“కళ్లజోడు లేదు.”

“నెత్తి మీద ఉంది.”

ఎల్డన్ చదివాడు. పెదాలు కదుపుతూ, రెండుసార్లు చదివాడు.

“ఇదంతా లాయర్ల రాత,” అన్నాడు. “ఎవడైనా చస్తే మా మీదకి రాకూడదని రాసుకుంటారు. ముప్పై ఏళ్ల నుంచీ తింటున్నా ఈ పండు.”

“మాత్ర నాలుగు నెలల నుంచీ. అక్టోబరులో, నవంబరులో తల తిరిగిందా నీకు?”

ఎల్డన్ ఫోర్కుతో బంగాళాదుంపని పొడుస్తూ ఆలోచించాడు. అతను ఆలోచించడం వెర్నా అరుదుగా చూసింది. చూసినప్పుడల్లా ఏదో ఒక నష్టం జరిగింది.

“అంటే, జనవరిలో వచ్చిన నూట నాలుగు… ఈ పండు వల్లనా?”

“అవును. వంశం వల్ల కాదు.”

“అయితే పండు మానితే మళ్లీ పెరుగుద్ది.”

“డాక్టరు వేరే మందిస్తాడు. పొద్దున్నే వెళ్తున్నాం.”

“వెళ్తే కార్డు ఆపేస్తాడు.” ఎల్డన్ పళ్లెం పక్కకి జరిపాడు. “నేలమాళిగలో పెట్టెన్నర పండ్లున్నాయి. మార్చి దాకా వస్తాయి.”

“దేనికి వస్తాయి?”

“బీపీకి.”

హాస్యమాడుతున్నాడేమోనని వెర్నా అతని మొహంలోకి చూసింది. ఎల్డన్ తన హాస్యానికి తనే ముందు నవ్వే మనిషి. నవ్వడం లేదు.

“పడ్డావు ఎల్డన్.”

“లేచాను కూడా. అది చెప్పదు డార్లీన్.” కింద పడినా మీసానికి మన్నంటలేదనే రకాన్ని కట్టుకున్నానని వెర్నాకి తెలుసు. అతనికి మీసం కూడా లేదు.

“బస్సులో నలభై రెండు మంది పిల్లలుంటారు.”

“వాళ్లు కూర్చునే ఉంటారు, నేనూ కూర్చునే ఉంటాను. తల తిరిగేది లేచినప్పుడే కదా. నడిపేటప్పుడు లేచి నిలబడతానా ఏంటి?” అని, ఇంత తేలికైన సంగతి ఆమెకు తట్టనందుకు జాలిపడుతున్నట్టు తల ఊపాడు. “నువ్వు నోరు మూసుకునుంటే ఎవరికీ ఏమీ తెలీదు. పొద్దున డార్లీన్‌కి మంచు అనే చెప్పావుగా. తనే చెప్పింది నాకు.”

వెర్నా ఇన్నేళ్లూ అతన్ని మూర్ఖుడనుకుంది. పిరికివాడనుకోలేదు. ఒక అంకె కోసం, ఒక కార్డు కోసం, ఊరి పిల్లల్ని వెనక కూర్చోబెట్టుకుని పండు మీద పందెం కాస్తానంటున్నాడు. పొద్దున ఫోనులో తను ఆడిన అబద్ధం ఇప్పుడు అతని జేబులో పొగాకు డబ్బా పక్కనే చేరి కూర్చుంది. దానిమీద చెయ్యి వేసి మరీ మాట్లాడుతున్నాడు.

లేచి గోడ దగ్గరికి వెళ్లి ఫోను తీసింది.

“ఎవరికి?” అన్నాడు ఎల్డన్.

“డార్లీన్, నేను వెర్నాని. షెడ్డులో మంచు లేదు. బూట్లకీ లేదు. పొద్దున నేను అబద్ధం చెప్పాను.” తర్వాత ఉన్నదంతా వరసగా చెప్పింది. మాత్ర, పండు, డబ్బా. కాగితాల సంగతి కూడా దాచలేదు. వెనక ఎల్డన్ ఫోర్కు పళ్లెంలో పడిన చప్పుడైంది. ఆమె తిరిగి చూడలేదు.

డాక్టరు వేరే మాత్ర ఇచ్చాడు. వారం తిరక్కుండా చీలమండల వాపు తీసింది, తల తిరగడం పోయింది. ఏప్రిల్‌కి రక్తపోటు నూట ముప్పై రెండు దగ్గర నిలిచింది. ఆ అంకెకి కార్డు వస్తుంది. బస్సు కూడా తిరిగి ఇస్తామనే అన్నారు. ఒకే ఒక కాగితం కావాలన్నారు. ఏయే మందులు వాడుతున్నాడో, ఎలా వాడుతున్నాడో, మందుల కొట్టులో కూర్చుని చెప్పి మాయ్ యాంగ్ సంతకంతో తేవాలి. పావుగంట పని.

“నా బస్సెక్కే వయసు పిల్ల దగ్గర చేతులు కట్టుకు నిలబడి, తల్లీ మాత్ర నీళ్లతోనే మింగుతున్నానని చెప్పుకోమంటావా?” అన్నాడు ఎల్డన్.

“పావుగంట,” అంది వెర్నా.

“పోతే పోయింది బస్సు.”

పోయింది. ఎవరో లాక్కున్నట్టు ఊరంతా చెప్పుకు తిరిగాడు. లోపలి సంగతి డార్లీన్‌కి, మాయ్‌కి తెలుసు. ఇద్దరూ ఎవరికీ చెప్పలేదు. ఎల్డన్ కాఫీ బల్ల దగ్గరికి వెళ్లడం తగ్గించాడు. ఆ డిసెంబరులో పండ్ల పెట్టెలతో పాటు మాయ్ రాసిన చీటీలు ఇంటింటికీ వచ్చాయి. బ్యాండు మాస్టారు అది తన ఆలోచనే అని చెప్పుకుంటున్నాడు.

ఎల్డన్‌కి ఇప్పుడు డెబ్బై. పొద్దున్నే నారింజ తింటాడు. ఏడూ పదికి నాలుగో నంబరు బస్సు ఇంటి ముందు నుంచి వెళ్తుంటే, కొత్త డ్రైవరు మలుపు సరిగ్గా తిప్పలేదని కిటికీతో చెప్తాడు. వెర్నా గ్రంథాలయంలో వారానికి ఐదు రోజులు చేస్తోంది. వెళ్లేముందు అతని మందు సీసా మూత తీసి బల్ల మీద పెట్టి వెళ్తుంది. తేలిగ్గా వచ్చే మూత కావాలంటే మందుల కొట్టులో అడిగిన వెంటనే ఇస్తారు. అతను అడగలేదు.